గొర్రె పోయాక దొడ్డి కట్టు

పెదమేరక పురపాలక సంఘం కమిషనర్ త్రివిక్రమరావు గారు మురుగు కాలువల అధ్యయనం కోసం చైనా వెళ్లొచ్చారు. అక్కడ కాలువలు చూశారో లేదో ఎవరికీ తెలియదు గానీ, ఒక విందు మాత్రం కళ్లారా చూశారు. ఆ విందులో ఎవరో చాంతాడంత ప్రశ్న అడిగితే, అక్కడి అధికారి నాలుగంటే నాలుగు అక్షరాలు పలికి ఊరుకున్నాడట. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపి, నవ్వి, మళ్లీ భోజనంలో పడ్డారట. వాళ్లకు అక్షరమంటే ఒక మాటేననీ, ఆ నాలుగక్షరాల్లో ఒక కథా, ఒక నీతీ, ఒక జవాబూ ఇమిడి ఉన్నాయనీ, అలాంటి పలుకుబడిని చెంగ్యూ అంటారనీ, చదువుకున్న చైనావాడికి అవి నోటికి వచ్చి ఉంటాయనీ పక్కనున్న దుబాసీ చెప్పాడు. కమిషనర్ గారి ప్రాణం ఉసూరుమంది. తన ఆఫీసులో మరుగుదొడ్డి తలుపు మార్పించే ఫైలు ఇద్దరు మోస్తే గానీ కదలదు.

వస్తూ వస్తూ ఒక చెంగ్యూల పుస్తకం పట్టుకొచ్చారు. దాన్ని తెలుగు చేయించడానికి టెండరు పిలిచారు. వచ్చిన గుత్తేదారు మాటలకొక రేటు, అర్థాలకొక రేటు వేశాడు. అర్థాల రేటు మరీ కొండెక్కి కూర్చోవడంతో, మొదటి విడతలో మాటలు మాత్రం తెప్పించి, అర్థాలను రెండో విడతకు వాయిదా వేశారు. ఈలోగా పరిపాలన కుంటుపడరాదు కదా. అందుకని ఉత్తర్వు వెలువడింది: "అర్థము వచ్చు వరకు అక్షరార్థమును అమలు చేయవలెను."

శాఖకొక చెంగ్యూ కేటాయించారు. ప్రణాళికా విభాగానికి 'పాము గీసి కాళ్లు పెట్టు' వచ్చింది. నాటినుంచి ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ప్లాను మూలన ఒక పాము, దానికి కాళ్లు ఉండి తీరాలి. ఎన్ని కాళ్లు అన్నదానిపై వివరణ కోరుతూ పైకి రాశారు. పార్కుల విభాగానికి 'మోడు పక్కన కుందేలుకై కాపలా' వచ్చింది. పార్కులో మోడు లేదు. నిక్షేపంలాంటి నేరేడు చెట్టును నరికించి మోడు తయారుచేశారు, దానికి మూడు షిఫ్టుల్లో కాపలా పెట్టారు. పన్నుల విభాగానికి పడ్డది 'చెవులు మూసి గంట దొంగిలించు'. ఉద్యోగి రెండు చేతులూ చెవులు మూసుకోవడానికే సరిపోయేసరికి, గంట తీయడానికి ఇంకొకరిని వేశారు. ఆ ఇంకొకరి చెవులు వెనకనుంచి మూయడానికి మరొకరిని వేశారు. ఆ మరొకరి చెవుల్లో దూది పెట్టి, అక్కడితో ఆపారు. ఈ బృందం పుల్లఐసు బండి గంటతో మొదలుపెట్టి, సైకిలు గంటల మీదుగా వచ్చి, ఆరో వార్డు బడి గంట దగ్గర కాసేపు ఆగి, దాన్నీ పట్టుకుపోయింది.

ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు తాతపూడి హైమవతి. గంట పోయినందుకు ఆవిడ పెద్దగా బాధపడలేదు, ఆవిడ గొంతే గంటకు సరిపోతుంది. ఆవిడ బాధంతా మూడో తరగతి గది పైకప్పు. బడికున్నవి రెండే గదులు. ఒకదాంట్లో మిగిలిన తరగతులన్నీ ఒకరి ఒళ్లో ఒకరన్నట్టు కూర్చుంటాయి. వరండాలో మధ్యాహ్న భోజనం ఉడుకుతుంది. రెండో గదిలో మూడో తరగతి. ఆ గది శ్లాబు పెచ్చులూడి, ఇనప ఊచలు బయటపడి, రోజూ ఏదో ఒక పలక మీద ఇంత సున్నం రాలుస్తోంది. హైమవతి పిల్లల్ని నాలుగు గోడలకూ ఆనించి కూర్చోబెట్టి, నడిమధ్య ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీలోకి వెళ్లినవాడికి గోడకుర్చీ అని బెదిరించింది కూడా. వానలు ముంచుకొస్తున్నాయి. ఒక్క గట్టి వాన పడితే ఆ కప్పు ఆగదని ఆవిడకు తెలుసు, ఆ సంగతి తలుచుకుంటే రాత్రి అన్నం సహించడం లేదు.

మూడు పేజీల అర్జీ రాసుకుని సోమవారం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. గుమ్మంలో ఒక ఆవు కట్టేసి ఉంది. ఆవు ముందు చాప వేసుకుని ఒకాయన వీణ వాయిస్తున్నాడు. అది ప్రజాఫిర్యాదుల విభాగం. వాళ్లకు వచ్చిన చెంగ్యూ 'ఆవు ముందు వీణ వాయించు'. జనం వీణకు అటూ ఇటూ నిలబడి, వంతు వచ్చినప్పుడు తమ గోడు ఆవుకు చెప్పుకుని వెళుతున్నారు. ఆవు కదలకుండా వింటోంది. ఇంత శ్రద్ధగా వినే అధికారిని ఈ ఆఫీసులో చూడలేదని ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

హైమవతి ఆవును దాటి లోపలికి వెళ్లింది. చతుష్పద విభాగం అన్న కొత్త బోర్డు కింద సూపరింటెండెంటు అప్పలనరసింహం గారు కూర్చున్నారు. దగ్గు వచ్చినా పైవారి అనుమతితో దగ్గే మనిషి.

"అర్జీ ఎన్ని మాటలమ్మా?"

"మూడు పేజీలండి."

"పేజీల ప్రసక్తి లేదు. పౌరులు సమర్పించు అర్జీలు నాలుగు మాటలకు మించరాదు. అందులో 'నమస్కారం' ఒకటి తప్పనిసరి. తక్కిన మూడింటి విషయంలో మీకు సంపూర్ణ స్వేచ్ఛ కలదు."

"పిల్లల నెత్తిన కప్పు పడిపోతుందండీ బాబూ!"

"ఆవేశంలో కూడా నాలుగు దాటారు చూశారా? అభ్యాసం చేయాలమ్మా."

హైమవతి పళ్లు పటపట కొరికి, అక్కడే నిలబడి, మూడు పేజీల బాధనూ పిండి రాసింది: 'కప్పు పడుతోంది. చూడండి. నమస్కారం.' అప్పలనరసింహం గారు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మురిసిపోయి ముద్ర వేశారు. ఆవిడను ఇంజనీరింగ్ విభాగానికి పంపారు.

ఇంజనీరు కలిదిండి భద్రిరాజు కుర్రాడు, మంచివాడు, పైవాళ్లంటే హడలు. అర్జీ చదివి తల గోక్కున్నాడు.

"మేడం గారూ, మరమ్మతులకి మాకొచ్చింది 'గొర్రె పోయాక దొడ్డి కట్టు' అండి. ముందు గొర్రె పోవాలండి. పోయాకే పని."

"మాది బడి నాయనా. గొర్రెలెక్కడివి?"

"లేకపోతే పోవడం ఎలా కుదురుద్దండీ? పోకపోతే నేనెలా కట్టేది?" భద్రిరాజు గొంతు తగ్గించాడు. "ఒకటి తెచ్చుకోండి మేడం. తెచ్చుకుని పోగొట్టుకోండి. ఊళ్లో అందరూ అదే చేస్తన్నారు."

నిజంగానే అందరూ అదే చేస్తున్నారు. కుళాయి కారుతుంటే గొర్రె, వీధిదీపం ఆరితే గొర్రె. పెదమేరకలో గొర్రెలు అద్దెకు దొరకడం లేదు. హైమవతి మొదట ఛీ అనుకుంది. ఇంటికి వెళుతూ పడమటి వైపు చూస్తే ఆకాశం నల్లగా ఉంది. మర్నాడు పొద్దున్నే తన బడిలో చదివే ఒక పిల్ల తండ్రి, గొర్రెల కాపరి నూకరాజు ఇంటికి వెళ్లింది.

"ఒక గొర్రెను ఇవ్వు నూకరాజూ. పోగొట్టాలి."

"ఆయ్, దాందేవుందండి. మళ్లీ దొరకాలి కదండీ మరి?"

"దొరకాలి. కాకపోతే ముందు పోవాలి."

"అయితే గంట కట్టిందాన్ని తీసుకెళ్లండి. ఎక్కడున్నా చప్పుడికి పట్టేసుకుంటాను."

ఆ గొర్రె మందకు ముందు నడిచే రకం. తీసుకెళ్లి పోగొట్టడానికి అంతకన్నా పనికిరాని గొర్రె ఉండదని హైమవతికి సాయంత్రానికి గానీ తెలిసిరాలేదు. సంతలో వదిలేసి చరచరా నడిచి వస్తే, గొర్రె ఆవిడకంటే ముందు బడికి చేరి మూడో తరగతిలో నడిమధ్య ఖాళీలో నిలబడి ఉంది. పిల్లలు కేరింతలు కొట్టారు. అది నిలబడింది సరిగ్గా పెచ్చులూడే చోట. హైమవతి దాని చెవి పట్టుకుని గోడవారకు లాగి, గొర్రెను కూడా గోడకు ఆనించి నిలబెట్టింది.

తెల్లవారి ఆటో ఎక్కించి పక్కూరు పంపింది. మధ్యాహ్నానికి ఆటోవాడే వెనక్కి తెచ్చాడు. "మేడం గారూ, మీ గొర్రె నా బండిలో మర్చిపోయారండి. ఎవరిదన్నా అయితే అమ్ముకుందును గానీ, మా ఆవిడ మీ దగ్గరే చదువుకుందండి." కిరాయి కూడా పుచ్చుకోలేదు. ఆ మర్నాడు బస్టాండులో వదిలేస్తే ఇద్దరు పోలీసులు సగౌరవంగా అప్పగించి వెళ్లారు. జన్మలో మొదటిసారి హైమవతికి ఊళ్లో మంచివాళ్లు ఇంతమంది ఉన్నందుకు ఒళ్లు మండిపోయింది.

ఆఖరికి ఒకరోజు గొర్రె చెరువుగట్టు మీదుగా ఎటో తిరగడం చూసి, పరుగున భద్రిరాజును పిలుచుకొచ్చింది. భద్రిరాజు వెంట అప్పలనరసింహం గారు కూడా వచ్చారు. పోయిన గొర్రెను విచారించే అధికారం ఆయనకే ఇచ్చారు.

"గొర్రె పోవుచుండగా ప్రత్యక్షంగా చూసిన సాక్షి ఉన్నారా?"

"నేనే చూశానండి."

"ఏ దిశగా పోయినది?"

"అదిగో, అటు."

"అయితే పోలేదమ్మా. అటు ఉన్నది. ఎక్కడున్నదో తెలిసిన గొర్రెను పోయినదిగా పరిగణించుటకు వీలు లేదు."

"సరే, ఎటు పోయిందో చూడలేదు."

"చూడనిచో సాక్షి లేరు." ఆయన కలం మూసేశారు. ఈలోగా గొర్రె కూడా వెనక్కి వచ్చి ఆయన పంచె అంచు వాసన చూసింది.

ఆ రాత్రి చినుకులు పడ్డాయి. మర్నాడు మూడో తరగతిలో నడిమధ్యన బొచ్చెడు పెచ్చులు రాలి ఉన్నాయి. హైమవతి వాటిని చీపురుతో ఊడుస్తూ, పిల్లలు చూడకుండా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చదువు చెప్పడానికి వచ్చిన తాను గొర్రెను పోగొట్టడం చేతకాక ఏడుస్తున్నానని తట్టి, ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది.

ఆదుకున్నది పన్నుల విభాగం. ఊళ్లో గంటలన్నీ అయిపోయి, నెలవారీ లక్ష్యం చేరక బృందం దిక్కులు చూస్తోంది. బడి ఆవరణలోంచి గణగణమని వినిపించింది. అంటే దూది లేనివాడికి వినిపించింది. ముగ్గురూ గోడ దూకి వచ్చారు, ఒకడు తన చెవులు మూసుకుని, ఒకడు మరొకడి చేత మూయించుకుని. గంట మెడనుంచి ఊడిరాలేదు. చెవులు మూసుకున్నవాళ్లకు గొర్రె అరుపు లెక్కలోకి రాలేదు. గంటను దాని కిందున్న గొర్రెతో సహా ఎత్తుకుని చక్కాపోయారు. హైమవతి వరండాలో నిలబడి చూస్తూ, కేకేయబోయి, చటుక్కున నోరు మూసుకుంది. పిల్లల్ని కూడా నోళ్లు మూసుకోమని సైగ చేసింది.

గంటను ఆఫీసులో జమ చేసుకుని గొర్రెను వీధిలోకి వదిలేశారు. అది తిన్నగా నూకరాజు మందలో కలిసిపోయింది. కాగితాల మీద మాత్రం పోయినట్టే లెక్క. 'స్వశాఖ ద్వారా పోయినందున విచారణ అనవసరం' అని అప్పలనరసింహం గారు రాసి, అయిదు మాటలు వచ్చినందుకు కంగారుపడి, 'ద్వారా' కొట్టేశారు. మంజూరు ఆ సాయంత్రమే వచ్చింది.

మర్నాడు బడి ముందు ఇసుక దిగింది, కంకర దిగింది, ఇనుము దిగింది. హైమవతికి ఆనందం పట్టలేక పిల్లలందరికీ బెల్లం ముక్కలు పంచింది. తీరా చూస్తే మేస్త్రీలు గది వైపు రావడం లేదు. ఆటస్థలం మూల గోతులు తవ్వుతున్నారు. ఆవిడ పరుగెత్తింది.

"బాబూ, గది ఇటు! కప్పు ఇటు!"

మేస్త్రీల గుత్తేదారు మర్యాదగా లేచి నిలబడ్డాడు. "కప్పుకి కాదండి, మాకిచ్చింది దొడ్డికి. గొర్రెల దొడ్డి. ఇదిగో నాలుగు మాటల ఆర్డరు."

హైమవతి తిట్టిన తిట్లు నాలుగు మాటల్లో ఇమిడేవి కావు. భద్రిరాజును తిట్టింది, అప్పలనరసింహాన్ని తిట్టింది, చైనా దేశానికి విమానం నడిపినవాణ్ణి కూడా వదలలేదు. పని మాత్రం ఆగలేదు. దొడ్డి లేచింది. కాంక్రీటు స్తంభాలు, గట్టి శ్లాబు, గాలి ఆడటానికి నాలుగు వైపులా జాలీలు, లోపల నీళ్ల తొట్టి, జారకుండా గరుకు నేల. పూర్తయిన రోజు హైమవతి లోపలికి వెళ్లి, తలెత్తి కప్పు కేసి చాలాసేపు చూసింది. కర్ర తెప్పించి పొడిచింది. రవ్వంత సున్నం రాలలేదు.

"ఇది వానకి ఆగుద్దా?"

"అదేం మాటండీ," గుత్తేదారు నొచ్చుకున్నాడు. "గొర్రెలకి కదండీ, సిమెంటు బాగా వేశాం. అదే బడి గదయితే..." అని నాలుక కరుచుకున్నాడు.

హైమవతి ఆ క్షణమే మూడో తరగతిని పలకలతో సహా దొడ్డిలోకి నడిపించింది. పిల్లలు ఏడాదిలో మొదటిసారి నడిమధ్య కూర్చున్నారు. కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

అయినా పాత గది అలాగే ఉంది. ఆటల గంట కొట్టగానే, అంటే హైమవతి అరవగానే, పిల్లలు అటే పరిగెడుతున్నారు. ఆ కప్పునైనా దింపించమని ఆవిడ మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. వెళ్లేసరికి ఆఫీసంతా అట్టుడికినట్టుంది. రెండో విడత వచ్చింది. అర్థాలు దిగాయి.

అప్పలనరసింహం గారు చెమటలు కక్కుతూ కమిషనర్ గారికి చదివి వినిపిస్తున్నారు. "పాముకు కాళ్లు గీయుట. అర్థము: అక్కర్లేనిది చేర్చి ఉన్నదానిని చెడగొట్టుట. మోడు వద్ద కుందేలుకై కాచుకొనుట. అర్థము: ఒకసారి కలిసివచ్చిన అదృష్టమే మళ్లీ వచ్చునని పనిమాని కూర్చొనుట. చెవులు మూసుకొని గంట దొంగిలించుట. అర్థము: తనకు వినపడకున్న లోకమునకు వినపడదని తన్ను తాను మోసగించుకొనుట. ఆవు ముందు వీణ..." ఆయన ఆగారు. గుమ్మంలో వీణ కూడా ఆగింది.

"అంటే ఇవన్నీ..." అన్నాడు భద్రిరాజు.

"చిత్తం. మూర్ఖులను గురించినవి."

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అలాంటి సమయాల్లోనే ఆయనలోని పరిపాలనాదక్షుడు బయటికి వస్తాడు.

"మాటలు ఎప్పుడు తీసుకున్నాం?"

"మొదటి విడతలోనండి. మంచి సరుకని ధ్రువీకరించాం కూడా."

"అయితే లోపం మాటల్లో లేదు. అర్థాల్లో ఉంది. సరఫరా చేసిన అర్థములు నాణ్యతాప్రమాణములకు లోబడి లేనందున తిరస్కరించడమైనది. వెనక్కి పంపండి."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. వీణ మళ్లీ మొదలైంది. ఒక్క అర్థం మాత్రం కమిషనర్ గారికి నచ్చింది, దాన్ని ఉంచుకున్నారు. గొర్రె పోయాక దొడ్డి కట్టుట, అర్థము: నష్టము తర్వాత సరిదిద్దుకొన్నను ఆలస్యము కాదు. "ఎంత గొప్ప మాట! ఆలస్యం కాదు. మనం అనవసరంగా తొందరపడుతున్నాం," అన్నారాయన. హైమవతి కొత్త అర్జీ మీద అప్పటికప్పుడే జవాబు రాయించారు: 'ఇంకా ఆలస్యం కాలేదు. నమస్కారం.'

ఆ వారం వాన పడింది. మామూలు వాన కాదు, ఊరు కనపడని వాన. దొడ్డిలో మూడో తరగతి ఎక్కాలు వల్లిస్తుండగా, ఎదురుగా పాత గది ఒక్కసారిగా కూర్చుండిపోయింది. శ్లాబు మొత్తం, ఊచలతో సహా, పిల్లలు కూర్చునే గోడవారన కూడా పడింది. రెండు గోడలు పోయాయి. భూమి అదిరింది. ఎక్కాలు ఆగిపోయాయి.

హైమవతి పిల్లల తలలు లెక్కపెట్టింది. నమ్మకం కలగక ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి వేసి మళ్లీ లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. అప్పుడు ఆవిడ నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడింది. గోడవారన కూర్చోబెడితే చాలనుకున్న తన తెలివి తలుచుకుని ఆవిడకు భయం పట్టుకుంది. ఆ భయం ఆవిడను ఇక ఏ వానాకాలమూ వదలదు.

వాన వెలిసే వేళకు జీపు వచ్చింది. త్రివిక్రమరావు గారు, అప్పలనరసింహం గారు, భద్రిరాజు గొడుగులతో దిగారు. కమిషనర్ గారు శిథిలాలు చూసి, దొడ్డి చూసి, దొడ్డి నిండా పిల్లల్ని చూసి, ముఖం విప్పారి నిలబడ్డారు.

"చూశారా! మన విధానం ఎంతమందిని కాపాడిందో! దొడ్డి కట్టకపోయి ఉంటే ఈ బిడ్డలేమయ్యేవారు?" భద్రిరాజు నేల చూపులు చూశాడు. కమిషనర్ గారు హైమవతి వైపు తిరిగారు. "ఎవరైనా పోయారా అమ్మా?"

"లేదండి."

"పోయినదేమీ లేనప్పుడు కొత్త గది ప్రతిపాదన పరిశీలించుటకు ఆధారం ఉండదు మరి. ఎవరూ పోలేదంటారు, గది కావాలంటారు."

హైమవతి లేచి నిలబడింది. అరవాలనుకుంది, అరుపు రాలేదు. జీవితంలో ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అంది:

"పోలేదండి. పోకుండా ఉండటానికే అడిగాను."

భద్రిరాజు గొడుగు పక్కకు ఒరిగిపోయి తడుస్తున్నాడు, సర్దుకోలేదు. కమిషనర్ గారి పెదవులు కదిలాయి. పక్కన అప్పలనరసింహం గారు చూపుడు వేలు తీసి, ఇంకో వేలు తీసి, మరోటి తీసి, చిటికెన వేలు దగ్గర ఆగిపోయారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"అయ్యా... నాలుగు!"

"నాలుగా?"

"ఖచ్చితంగా నాలుగండి! ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు!"

కమిషనర్ గారు ఆనందం పట్టలేక హైమవతికి రెండు చేతులూ ఎత్తి నమస్కరించారు. మన నేల మీద పుట్టిన తొలి చెంగ్యూ అన్నారు. పిల్లల చేత చప్పట్లు కొట్టించారు. అర్థం కోసం వేరే టెండరు పిలుస్తామన్నారు. మర్నాడు పొద్దున్నే పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చి, కూలకుండా మిగిలిన గోడ మీద ఆ నాలుగు మాటలూ ఎర్రరంగుతో, నిలువెత్తు అక్షరాలతో రాసి వెళ్లాడు.